దమయంతక్క గ్యారేజీ

ముందుగా ఒక గంభీరమైన ప్రకటన. ఎవరూ కంగారుపడొద్దు. మన హార్లో క్రీక్ ఊరికి ఉన్న నాలుగు ట్రాఫిక్ సిగ్నళ్ళలో, కాలేజీ గేటు ముందున్నది నిన్న సాయంత్రం ఎర్రలైటు మీద ఆగిపోయింది. అక్కడ ఆగిన మన లక్ష్మీపతి బావగారు రూల్ తప్పని మనిషి కాబట్టి ఇంకా అక్కడే ఉన్నారు. మైకు ఆయన కార్లో ఉంది. అందుకే నేనిలా అరుస్తున్నాను. (నవ్వులు)

సభాధ్యక్షులు, ఎకనామిక్స్ ప్రొఫెసర్ శ్యామ్‌సుందర్ గారికీ, చర్చి కింద ఈ హాలు మనకి ఇప్పించి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముందు వరసలో కూర్చుని నవ్వుతున్న వాల్టర్ గారికీ, పెద్దలకీ, స్నేహితులకీ, సమోసాలు అయిపోతాయేమోనని వెనక టేబుల్‌ని కాపలా కాస్తున్న స్టూడెంట్లకీ, కాలేజీ లైబ్రరీలో రిటైరై, ఈ జులై నెలాఖరుకి ఇల్లు అమ్మేసి ఎక్కడో దూరాన చాండ్లర్ ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్న మన దమయంతి గారికీ నమస్కారాలు. నేనెవరో తెలియనివాళ్ళకి చెప్తున్నాను, కాలేజీ డైనింగ్ హాల్‌లో వంట చేస్తాను. మా ఆవిడ ఉమకి ఇక్కడ జాబ్ వస్తే ఆవిడ లగేజీతో పాటు దిగాను. చదువంటారా, తొమ్మిదో క్లాసులోనే స్కూలుకి నేనే వీడ్కోలు సభ పెట్టేశాను.

ఈ ఊరు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదండీ. ఆగస్టులో పిల్లలు దిగితే రెండింతలవుతుంది, వాళ్ళు వెళ్ళిపోతే మెయిన్ స్ట్రీట్ మీద ఉడతలు తీరుబడిగా షికారు చేస్తాయి. చిరిగిన నిక్కరుతో గడ్డి కోస్తున్న ఒకాయన్ని చూసి పాపం తోటమాలి కాబోలని మంచినీళ్ళ బాటిలిచ్చాను. మర్నాడు డైనింగ్ హాల్‌లో తెలిసింది, ఆయన కాలేజీ ప్రెసిడెంటు. ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఉయ్యాల్లో పాపతో సహా ఊరంతా కాలేజీ టీము రంగు ఆకుపచ్చ చొక్కాల్లో బయల్దేరితే, కొత్తగా వచ్చిన జితేందర్ నన్నడిగాడు, "అంకుల్, ఈడ ఎలక్షన్లా?" అని. అవునన్నాను. ఎవరికి ఓటెయ్యాలో కూడా చెప్పాను. (నవ్వులు) కూర్చో నాయనా, ఇప్పుడు లేచి ఏం లాభం?

అన్నిటికన్నా వింత మే నెల. పరీక్షలైపోగానే పిల్లలు ఇళ్ళు ఖాళీ చేసి, విమానంలో పట్టనివన్నీ రోడ్డు పక్కన పెట్టేసి వెళ్ళిపోతారు. సోఫాలు, పరుపులు, రైస్ కుక్కర్లు, ఒకసారి కూడా కాలు పెట్టని స్నో బూట్లు. మనవాళ్ళేమో పక్కవాళ్ళ వస్తువు ముట్టుకుంటే ఏమనుకుంటారోనని సిగ్గుపడి, మూడు వీధులు అవతల, తెలిసినవాళ్ళెవరూ లేనిచోట సామాను దగ్గర నిలబడి చూస్తారు. దమయంతక్కకి ఆ సిగ్గు లేదు. పొద్దున్నే చిన్న ట్రక్కు అద్దెకి తీసుకుని నన్ను లేపేది. ఇద్దరం కలిసి అన్నీ ఏరుకొచ్చి ఆవిడ గ్యారేజీలో సర్దేవాళ్ళం.

మొదటి ఏడాది ఓక్ స్ట్రీట్‌లో ఒక పచ్చిక మీద బ్రహ్మాండమైన తోలు సోఫా కనపడింది. ఎక్కించేశాం. తాడు కడుతుంటే ఒక పెద్దాయన చేతిలో కాఫీతో వచ్చి, ఎంతో ఆసక్తిగా, "ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అన్నాడు.

అక్క దారిన పోయే మనిషే అనుకుని, "దీనికి మంచి ఇల్లు చూశామండీ" అంది.

"అవునా! ఇన్నాళ్ళూ ఉన్న ఇల్లు కూడా బాగానే ఉండేదే!" అన్నాడాయన.

ఆయనే వాల్టర్ గారు. ఎండలో పెట్టుకున్న సోఫా అది. (నవ్వులు) వాల్టర్ గారూ, ఇది మీ కథే, ఇప్పుడు నవ్వండి! ఆయన సోఫా దింపమనలేదు. ఏం చేస్తారో చూస్తానని ఆ సోఫా మీదే కూర్చుని, మెయిన్ స్ట్రీట్ పొడుగునా అందరికీ దణ్ణం పెడుతూ మాతో వచ్చాడు. గ్యారేజీ చూసి, "ఇదంతా ఎవరికి?" అనడిగాడు.

"ఎవరికో ఇంకా తెలీదండీ. ఆగస్టులో వస్తారు" అంది అక్క.

అంతే, సోఫా వెనక్కి వెళ్ళలేదు. సమోసాల దగ్గరున్న రష్మీ, నువ్వు కాళ్ళు బార్లా చాపుకుని ల్యాప్‌టాప్ చూసే సోఫా అదేనమ్మా.

ఇప్పుడు అసలు సంగతి. ఇల్లు కొన్నవాళ్ళు గ్యారేజీలో కార్లు పెట్టుకుంటారట. గ్యారేజీలో కార్లు! ఏం మనుషులో. మొన్న మేలో తెచ్చిన సామాను మెడదాకా ఉంది. ఆగస్టు పిల్లలకి అప్పుడే వీసా స్టాంపింగులైపోయాయి. పోయిన వారం అడిగాను, "అక్కా, ఇదంతా ఏం చేద్దాం?"

"నువ్వున్నావుగా."

"నేను జోకులెయ్యడానికి కదా ఉంది?"

"అవి మానెయ్యమని నేనేమన్నా అన్నానా?"

అందుకని ఈ సభాముఖంగా చెప్తున్నాను. ఆ సామానంతా పెట్టడానికి మా ఇంటి గ్యారేజీ ఖాళీ చేసేశాను. శుభ్రంగా ఊడ్చి, గోడకి కొత్త బల్బు కూడా పెట్టాను. (చప్పట్లు) మీరు నిశ్చింతగా వెళ్ళండక్కా.

"ఎప్పుడు చేశారు?" అని మా ఉమ అక్కణ్ణించి అడుగుతోంది. శ్యామ్‌సుందర్ గారు వాచీ చూస్తున్నారు. సరే, కల్పించినవి చెప్పేసి దిగిపోతాను. సిగ్నల్‌కేం కాలేదు. లక్ష్మీపతి బావగారు అదిగో, రెండో ప్లేటు మీదున్నారు. మైకు మనం అసలు తేలేదు. వాల్టర్ గారు సోఫా మీద ఊరేగలేదు, పాపం ట్రక్కు వెనకాల నడిచొచ్చారు. జితేందర్ ఎలక్షన్ మాత్రం నిజం.

మా గ్యారేజీ ఖాళీ చేశానన్నది అబద్ధం. ఒక్క అట్టపెట్టె కూడా కదపలేదు. రోజూ తలుపెత్తడం, చూడటం, దించెయ్యడం. ఖాళీ చేస్తే మీరు వెళ్ళిపోతున్నారని ఒప్పుకున్నట్టే కదా, అక్కా.

రేపు పొద్దున మొదలుపెడతాను. చేతులున్నవాళ్ళు రండి, ఉప్మా నేను చేస్తాను.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ థాంక్స్. దమయంతక్క దగ్గర తప్ప, మిగతా అందరి దగ్గరా సెలవు.