దించండి అన్న మాట నాదే

నా పేరు పైన రాసుకున్నారు. వయసు ఇరవై రెండు. అయిదో తరగతి దాకా చదివాను. ఏటి మీద రాజుల కాలం నాటి రాతి వంతెనను బాగుచేస్తున్న చోట సున్నం కలిపి మోస్తాను. మా ఆయన అక్కడే రాతిమేస్త్రీ. ఎస్‌ఐ గారు అడగగా నాకు తెలిసింది చెబుతున్నాను.

కూలిపోయిన కమానును పాత రాళ్లతోనే మళ్లీ కట్టారు. రాళ్లు బిగుసుకునేదాకా బరువంతా కింద చెక్కల సెంట్రింగు మోస్తుంది. ఇంజనీరు గారు సోమవారం వచ్చి చూశాకే దాన్ని దించాలి. మొన్న శనివారం ఉదయం పదింటికి మా ఆయన కమాను పైన సందులు పూడుస్తున్నారు. మా మరిది, ఇంకో ముగ్గురు కింద సెంట్రింగు దగ్గర ఉన్నారు. నీటి హోరుకి పైవాళ్ల మాట కిందికి వినపడదు. గట్టున ఉన్నవాళ్లు అందుకుని అరిచి చెబుతారు. నేనెప్పుడూ అరవలేదు. నాకు సిగ్గు.

తడి సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని గట్టున, కమాను మొదట్లో నిలబడ్డాను. రోజూ ఆయనే దించుతారు. ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు. సున్నపు నీళ్లు చెవిలోకి కారుతున్నాయి. మెడ పట్టేసింది. రెండుసార్లు మెల్లిగా పిలిచాను. చివరికి బలమంతా కూడగట్టుకుని "దించండి" అన్నాను. తట్ట దించమని. మొగుణ్ణి "దించు" అని ఎలా అంటాను? అలా అని ఉంటే కింద ఎవరూ కదిలేవారు కాదు. నలుగురికీ చెప్పినట్టు వినపడింది.

వెంటనే కింద సెంట్రింగు చీలలు ఊడగొట్టే సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. సెంట్రింగు జానెడు కిందికి జారింది. కమాను మూలిగింది. ఆయన ఇంకా పైనే ఉన్నారు. నా తట్ట ఎప్పుడు పడిందో తెలియదు. ఆయన బోర్లా పడుకుని రాతికి చెవి ఆనించారు. తర్వాత లేచి కాలితో తన్ని చూశారు. "నిలబడిందిరా" అన్నారు.

మరిది పరిగెత్తుకొచ్చి, "ఇంజనీరు గారు ముందే వచ్చేశారా అన్నయ్యా? దించమన్నావుగా" అన్నాడు.

"నేనెక్కడ అన్నానురా?"

మరిది నావైపు చూశాడు. "వదిన తనంతట తాను అరుస్తుందా? నువ్వు చెప్పమన్నావనుకున్నా. పెళ్లయిన మూడేళ్లకు నోరు విప్పి, ఏకంగా వంతెన మీదే విప్పావా వదినా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను కమాను కిందికి వెళ్లాను. చెక్కకీ రాతికీ మధ్య వెలుతురు కనిపించింది. చెయ్యి పెట్టాను. దూరింది. మళ్లీ పెట్టాను. దూరింది. ఆయన పేర్చిన రాళ్లు ఏ చెక్కా లేకుండా నా నెత్తి మీద నిలబడి ఉన్నాయి.

సాయంత్రం కాంట్రాక్టరు గారు, మేస్త్రీ సొంత పెత్తనం చేసి నలుగురి ప్రాణాల మీదికి తెచ్చాడని ఫిర్యాదు ఇచ్చారు. మా ఆయన్ని ఈ స్టేషనుకి తెచ్చారు. ఆయన నా సంగతి చెప్పలేదట. ఆ మాట నాది. ఆయనది కాదు.

"నీ మాట ఈ బల్ల దాటి రావడం లేదు, ఏటి కిందికి ఎలా వినపడిందమ్మా? మొగుడి కోసం అల్లుతున్నావా?" అని ఎస్‌ఐ గారు అడిగారు. ఆ రోజు ఎలా అన్నానో అలాగే అనమన్నారు. కళ్లు మూసుకుని అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్న మా ఆయన లేచి, తట్ట అందుకోబోయినట్టు రెండు చేతులూ చాచుకుని గుమ్మంలోకి వచ్చేశారు. కానిస్టేబులు రెక్క పట్టుకుని ఆపారు. అది కూడా రాయమన్నాను.

రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో కల్పించిన ముక్క లేదు, ఒకరు నేర్పిన ముక్కా లేదు. నా చేత్తో నేనే సంతకం పెట్టాను.

(సంతకం)