వెలిసిన పచ్చబొట్టు

పచ్చబొట్లు పొడిచే ఆవిడ, వచ్చినామె ఇచ్చిన ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

“మూడు చుక్కలు, కింద తేలు. పాతకాలం పని. ఎవరి చెయ్యమ్మా ఇది?”

“మా పిన్నిది. నాకూ అచ్చం అలాగే కావాలి. కాకపోతే కొత్తదిలా నిగనిగలాడకూడదు. వెలిసిపోయినట్టుండాలి.”

“అందరూ ముదురు రంగు అడుగుతారు. మీరేంటి, వెలిసింది కావాలంటున్నారు?”

“నా ఇష్టం.”

“ఆ రోజుల్లో అక్కచెల్లెళ్ళు తప్పిపోయినా ఆనవాలు దొరకాలని ఇద్దరికీ ఒకే గుర్తు పొడిపించేవాళ్ళు. మీ పిన్ని ఏదీ?”

“పోయింది.”

“అనుకున్నా. నేనే ఆవిడనని చెప్పి ఎవరి ఆస్తికి ఎసరు పెడుతున్నారు? ఆ పాపంలోకి నన్ను లాగకండి.”

“ఆస్తి కాదండీ, అన్నం. మా అమ్మకి మతిమరుపు ముదిరింది. నన్ను దొంగంటుంది, నేను పెడితే ముద్ద ముట్టదు. తన చెల్లెలొచ్చి పెడితేనే తింటానని మొండికేసింది. మొహాలన్నీ మర్చిపోయింది గానీ, తన చేతి మీదున్న ఈ చుక్కల్ని మాత్రం రోజంతా తడుముకుంటూనే ఉంటుంది.”

ఆవిడ ఫోటో పక్కన పెట్టి సూది అందుకుంది.

“మరి, నా కూతురేదని మీ అమ్మ అడిగితే?”

“ఇంతవరకూ అడగలేదండీ.”