అంగుళం ఖాళీ

ఇడుక్కిలో ఏలకుల తోట ఎత్తు ఎక్కలేక, జీపు పదిమంది కూలీలతో సహా వెనక్కి జారింది. ఇప్పుడది ఇంటి వాకిట్లో కాలిన వాసన కొడుతోంది. దాన్ని తోలే చెల్లెలు కింద దూరింది. అన్న చెయ్యి చాచి నిలబడ్డాడు.

"తాళం ఇటివ్వు. ఈ ఇంట్లో ఆడవాళ్ళు బండి తోలడం ఇవాళ్టితో సరి."

"ఇవ్వను. ముందు క్లచ్ పెడల్ చేత్తో నొక్కి చూడు."

"గట్టిగా ఉంది. అయితే?"

"మొదటి అంగుళం తేలిగ్గా దిగాలి, అన్నా. దిగలేదంటే క్లచ్ ఎప్పుడూ కాస్త తొక్కినట్టే ఉంటుంది. ఇంజను అరుస్తుంది, బండి ఎక్కదు. ఎవరో కేబుల్ నట్టు బిగించారు."

"నీ కాలి తప్పు నట్టు మీదికి నెట్టకు!"

"పానా గీతలు కొత్తవి. ఇదిగో, వదులు చేశాను. ఇప్పుడు నొక్కు."

"...దిగింది. మరి ఎవరు బిగించినట్టు?"

"పెడల్ అడుగుదాకా కాలు అందని మనిషి. కొంచెం తొక్కగానే గేరు పడాలని బిగించుకుంది. సీటు వెనకాల దిండు కూడా మర్చిపోయింది."

"ఇది ప్రార్థనకి మోకాళ్ళ కింద వేసుకునే దిండు కదే!"

"నాన్న బండి బాగుచేస్తుంటే పానాలు అందించిందెవరు?"

"ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు! బండి తోలడమా?"

"రెండో తాళం ఆవిడ మెడలో సిలువ పక్కనే వేలాడుతోంది. దమ్ముంటే ముందు అది లాక్కురా. బిగించింది అమ్మ!"