మంచులో పాదాలు

మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గోడల మీద పెయింటరు ఉత్తరదేశపు అడవినీ సరస్సునీ నాలుగు కాలాల్లో వేస్తున్నాడు. మిరపకాయల ముచ్చికలు తీసే పెద్దావిడ అన్నం తిని, లోపల చల్లగా ఉంటుందని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నాయనా, ఆ చెట్ల కింద ఆరబోసినయ్ మన కాయలేనా?”

“కాదు పెద్దమ్మా, ఆకులు. అక్కడ రాలేముందు ఎర్రబడతాయంట.”

“నువ్వు చూశావా?”

“లేదు. ఓనరుగారు ఫోన్లో ఫొటోలు పంపారు. వాటిని చూసి వేస్తున్నా.”

“ఈ గోడంతా తెల్లగా ఉందేంది?”

“అది చలికాలం. సరస్సు గడ్డకట్టింది. నేలంతా మంచు.”

“అంత మంచులో ఎవరో చెప్పుల్లేకుండా నడిచారే. వేళ్ళు కూడా కనపడుతున్నాయి.”

“ఫొటోలో అడుగులు లేవు. నేనే వేశా. కృష్ణాష్టమికి మా ఆవిడ గుమ్మంలో బియ్యప్పిండితో పాదాలు వేసేది. అడుగులంటే నాకు వచ్చింది అదొక్కటే.”

“అవి ఇంట్లోకి వస్తాయి కదయ్యా. ఇవి ఆ ఇంట్లోంచి బయటికి పోతున్నాయి.”

“లోపలికే వేద్దామని మొదలుపెట్టా. తీరా చూస్తే ఇట్టా అయినయ్.”

“ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది?”

“దర్శిలో, వాళ్ళన్న దగ్గర. ఆరేళ్ళయింది.”

ఆవిడ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

“మరి ఆ ఇంటి మీద పొగ వస్తుందే. లోపల ఎవరున్నారు?”

“ఒకడున్నాడు. పొద్దున గ్లాసుడు బియ్యం వండుకుంటే రాత్రిక్కూడా సరిపోద్ది.”