చేదు కలిసిన ఉలవలు

పత్తికొండలో జట్కాలు నిలిపేచోట, గుర్రం ముందర ఉడకబెట్టిన ఉలవల బుట్ట పెట్టుకొని కూర్చుందామె. మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తినిందా?"

"మూతి గూడా పెట్టలే."

"కడుపుమందు కలిపినావా?"

"బతికినన్నాళ్లూ వెయ్యాలన్న్యాడు గదా డాక్టరు, నిన్నటిదాకా కలిపినా. బెల్లంలో కలిపితే బెల్లం మానె, నూనెలో కలిపితే నూనె మానె. ఈ పొద్దు వట్టి ఉలవలే పెట్టినా."

"వట్టివేనని దానికి చెప్పకపోయినావా?"

"నువ్వే చెప్పు. జట్కా ఎక్కేవాళ్లకు రోజూ చెప్తాంటావు గదా అబద్ధాలు."

"ఎగతాళా? అది తినకుంటే సచ్చిపోతాది. మళ్ల మనమేం తినాల?"

ఆమె పిడికెడు ఉలవలు తీసి, గుర్రానికి కనబడేలా నోట్లో వేసుకొని నమిలింది.

"చూడమ్మా, చేదు లేదు."

గుర్రం ఆమె చేతిని వాసన చూసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

"చెయ్యి కడిగినావా?"

"బూడిదేసి రుద్ది కడిగినా. దానికిప్పుడు నా చెయ్యే చేదయ్యింది."