పన్నెండో పెట్టె

అందరూ కూర్చున్నారా? వెనక వరసల్లో వాళ్ళకి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క కూడా ఎవరికీ జారిపోకూడదు.

మన ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు పోయి ఇవాళ్టికి మూడో రోజు. మీరంతా అతన్ని తీగ మాస్టారు అనేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ కాలేజీలో పనిచేశాడు. అందులో మొదటి పద్దెనిమిదేళ్ళు నా చేతికింద. నేను అప్పట్లో ఇక్కడ ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఇప్పుడు రెండో సంవత్సరం చదివే ఒక పిల్లకి అమ్మమ్మని. ప్రతిదానికీ తేదీ, టైము రాసుకోవడం నా అలవాటు. "నువ్వు తుమ్మినా టైము రాస్తావే అమ్మమ్మా" అని మా పిల్ల వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. ఇవాళ ఆ రాతలతోనే పని పడింది.

అతని గురించి మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ నేను చెప్పబోయే మంచి వింటే మీకు భయం వెయ్యాలి. వెయ్యకపోతే నేను సరిగ్గా చెప్పనట్టే.

మన ల్యాబులో పన్నెండు కెపాసిటర్లు ఉన్నాయి. చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. మోకాలి ఎత్తు ఇనప పెట్టె. నడినెత్తిన ఒక ఇత్తడి బొడిపె. లోపల పల్చటి లోహపు రేకులు, రేకుకీ రేకుకీ మధ్య నూనెలో నానిన కాగితం. కరెంటు ఎక్కించినప్పుడు ఒక వైపు రేకుల మీద ఎలక్ట్రాన్లు పోగవుతాయి, రెండో వైపు తక్కువపడతాయి. అవి ఒకదాన్నొకటి చేరాలని చూస్తాయి. కాగితం చేరనివ్వదు. ఆ మధ్య జాగాలో ఉండేదాన్నే విద్యుత్ క్షేత్రం అంటాం. కంటికి కనపడదు. చప్పుడు చెయ్యదు. వాసన ఉండదు. వేడి ఉండదు. కాచుకుని ఉంటుంది, అంతే.

అతను చేరిన రెండో రోజున ఆ పెట్టెల దగ్గర నిలబెట్టి పని నేర్పాను. నేలలోకి తీగ వెళ్ళే పొడవాటి కర్ర ఒకటి ఉంటుంది. దాని కొసనున్న కొక్కేన్ని బొడిపెకి తాకించాను. ఫట్టుమని మెరిసింది. మీటరు చూపించాను. సున్నా. కర్ర తీసేసి, ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. పది నిమిషాల్లో మీటరు ముల్లు తనంతట తను లేచింది. వంద, మూడొందలు, ఆరొందలు. ఎవరూ ముట్టుకోలేదు. ఏ స్విచ్చూ వెయ్యలేదు. ఆ కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మగారూ, ఇది మళ్ళీ ఊపిరి తీసుకుంటోంది" అన్నాడు.

దానికి కారణం ఉంది. క్షేత్రం లాగిన లాగుకి ఆ కాగితంలోని అణువులు కూడా ఒక పక్కకి ఒరిగిపోతాయి. రేకుల మీది చార్జి క్షణంలో పోతుంది కానీ, అణువులు అంత త్వరగా లేవవు. తీరిగ్గా, గంటల తరబడి లేస్తాయి. అవి లేచే కొద్దీ రేకుల మీద వోల్టులు మళ్ళీ పుడతాయి. అందుకే ఖాళీ చేసిన పెట్టెని కూడా నమ్మకూడదు. ఖాళీ చేశాక బొడిపె నుంచి పెట్టె ఒంటికి ఒక రాగి తీగ చుట్టి, అలాగే వదిలెయ్యాలి. తీగ ఉన్నంతసేపూ అది ఊపిరి తీసుకోలేదు. తీగ చుట్టాక, బొడిపెకి దుమ్ము పట్టకుండా పైన చెక్క మూత పెట్టాలి. ఇదీ పద్ధతి.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతను ఒక్కసారైనా తప్పాడా? ల్యాబు రిజిస్టర్లన్నీ, నేను రిటైరయ్యాక రాసినవి కూడా, తిరగేశాను. ఒక్కసారీ తప్పలేదు. కూతురి పెళ్ళినాడు పొద్దున్న, కొత్త బట్టల్లో, గుమ్మంలో జనం ఎదురుచూస్తుండగా ల్యాబుకొచ్చి పన్నెండు తీగలూ చూసుకుని వెళ్ళాడు. అతని భార్య ఇక్కడే మొదటి వరసలో కూర్చుని ఉంది. ఆ రోజు నా ఎదుటే ఆమె అంది, "ఒక సవతి ఉంటేనే కాపురం కష్టమంటారమ్మగారూ, నాకు పన్నెండుమంది" అని. అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. క్షమించమ్మా, ఇప్పుడు ఆ మాట గుర్తు చేయకూడదు. కానీ ఆయన ఎలాంటివాడో అందరికన్నా బాగా చెప్పింది నువ్వే.

ఇంకోసారి, పైనుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చాడు. నాకు పై అధికారి, ప్రిన్సిపాల్ గారికీ పై అధికారి. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పెట్టె మీద చెయ్యి వెయ్యబోయాడు. అతను ఆయన మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి ఆయన కోటు జేబులో పెట్టేశాడు. "ఇక్కడ ఒక చెయ్యి ఎప్పుడూ జేబులో ఉండాలండి. రెండు చేతులూ బయట ఉంటే కరెంటు దారి మధ్యలో గుండె ఉంటుంది" అన్నాడు. ఆ అధికారి వెళ్ళేదాకా చెయ్యి బయటికి తియ్యలేదు. సంతకం కూడా ఒంటిచేత్తోనే పెట్టాడు, కాగితం అతను పట్టుకున్నాడు.

అలాంటి మనిషి గురించి మన నోటీసు బోర్డు మీద ఏం రాశారు? "అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం" అని రాశారు. ప్రిన్సిపాల్ గారూ, మీరు తల దించుకోనక్కర్లేదు, వినండి చాలు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, చూడ్డానికొచ్చిన అతిథుల ముందు పన్నెండు పెట్టెలకీ పదివేల వోల్టులు ఎక్కించి మెరుపు చూపించారు. నాలుగూ పదికి అతను కర్రతో అన్నింటినీ ఖాళీ చేశాడు. నాలుగూ పాతికకి తీగలు చుట్టి మూతలు పెట్టినట్టు అతని చేతిరాతలోనే ఉంది. తర్వాత అతిథుల కోసం కుర్చీలు మొయ్యడానికి అతన్ని పంపించారు. నాలుగూ యాభైకి ఫోటో తీశారు. ఆ ఫోటో కూడా అదే నోటీసు బోర్డు మీదుంది. వెళ్ళి చూడండి. బొడిపెలు మెరవాలని ఎవరో మూతలు తీశారు. ఆ పాత తీగలు అందంగా లేవని తీసేశారు. తీసినవాళ్ళకి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి వోల్టులు సున్నా. ఫోటో అయ్యాక మూతలు మళ్ళీ పెట్టారు. తీగలు పెట్టలేదు. నిన్న పదకొండు గంటలకి చెత్తబుట్టలోంచి ఆ తీగలు నేనే ఏరాను. పన్నెండు. ప్రతిదానికీ అతను వేసే మూడు మెలికలు అలాగే ఉన్నాయి.

రాత్రంతా మూతల కింద అవి ఊపిరి తీసుకుంటూనే ఉన్నాయి.

బుధవారం తొమ్మిదింటికి అతను వచ్చాడు. ఆ రోజు అన్నిటికన్నా ముందు అయిదో పెట్టె దగ్గర వంగాడు. పెట్టె కదలకుండా ఎడమ చెయ్యి దాని మీద వేసి, కుడిచేత్తో మూత కాస్త ఎత్తి, తీగ బిగువుగా ఉందో లేదో చూడ్డానికి మూత కిందికి వేలు పెట్టాడు. రెండు చేతులూ జేబు బయటే ఉన్నాయి. వేలితో లాగి చూడమని అతనికి నేర్పింది ఎవరో తెలుసా? నేనే. "మీటరు అబద్ధం చెప్పొచ్చు, కన్ను అబద్ధం చెప్పొచ్చు, తీగ బిగువు వేలికే తెలుస్తుంది" అని ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట నేనే చెప్పాను. తీగ ఎప్పుడూ ఉంటుందనే ధీమాతో చెప్పిన తప్పు మాట అది. అతను చనిపోయింది అజాగ్రత్త వల్ల కాదు. నా మాట మీద, జాగ్రత్త చూసుకుంటూ చనిపోయాడు. బోర్డు మీద పేరు రాయాలనుకుంటే ముందు నాది రాయండి.

ఇదంతా నా మనసు బరువు దించుకోవడానికి చెప్పడం లేదు. అజాగ్రత్త అనే ఆ ఒక్క మాట బోర్డు మీద ఉన్నంతసేపూ, ప్రమాదం అతనితో పాటే పోయిందని మీరు నిశ్చింతగా ఉంటారు. పోలేదు.

నిన్న మధ్యాహ్నం కర్ర పట్టుకుని ల్యాబులో ఉన్న పెట్టెలకి ఒక్కొక్కదానికీ తాకించాను. రెండో దాంట్లో, ఏడో దాంట్లో, ఎనిమిదో దాంట్లో, అప్పటికి రెండు రోజులు గడిచాక కూడా మెరుపు వచ్చింది. అన్నింటికీ కొత్త తీగలు చుట్టాను. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.

బుధవారం అతన్ని బయటికి మోసుకెళ్ళిన హడావిడిలో, తొమ్మిదీ పది నుంచి పదీ నలభై దాకా ల్యాబు తలుపు తెరిచే ఉంది. పన్నెండో పెట్టె ఎటో వెళ్ళింది. దొంగతనమని నేననను. బరువైన పెట్టె, పైన నున్నటి చెక్క మూత. గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం పెట్టడానికి బావుంటుంది. కూర్చోవడానికీ బావుంటుంది. ఇరవై మూడు గదుల తలుపుల వెనక చూశాను, లేదు. ఇల్లిల్లూ నేను చూడలేను. మూత తియ్యనంతసేపూ అది ఎవరినీ ఏమీ చెయ్యదు. కానీ మూత ఉన్నది ఎవరో ఒకరు తియ్యడానికే కదా? లోపల ఏముందో చూద్దామనుకునే పిల్లలు మీ ఇళ్ళల్లో లేరా?

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు అతని కోసం మౌనంగా ఉందాం. కళ్ళు మూసుకోవద్దు. ఈ మూడు రోజుల్లో మీరు అడుగుపెట్టిన గదులన్నీ ఒక్కొక్కటే తలుచుకోండి. మామూలుగా ఇలాంటి మౌనాన్ని ఎవరూ మధ్యలో చెడగొట్టరు. ఇవాళ చెడగొట్టండి. ఆ పెట్టె గుర్తొచ్చినవాళ్ళు రెండు నిమిషాలు అయ్యేదాకా ఆగొద్దు. సిగ్గుపడొద్దు. ఎందుకు తీసుకెళ్ళావని నేను అడగను, ఎవరినీ అడగనివ్వను. ఎక్కడుందో ఒక్క మాట గట్టిగా చెప్పండి చాలు. మీ నోట్లోంచి ఆ మాట రావడమే అతనికి మనం చేసే మర్యాద.

నాలుగూ ముప్ఫై ఆరు అయింది. లేవండి.