వరదను వెనక్కి పంపిన గంట

"నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు మాస్టారూ, జరిగింది జరిగినట్టు చెప్తా, రాసుకోండి" అన్నాడు మావయ్య, టీ కొట్టు బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చుంటూ. అక్కడే మా అందరికీ నవ్వొచ్చింది.

మావయ్యంటే ఊరందరికీ మావయ్యే. నలభై ఏళ్లుగా మా చర్చి గంట కొట్టే మనిషి. మాస్టారేమో ఊరి చరిత్ర సంఘానికి కార్యదర్శి. సంఘం వేస్తున్న పుస్తకం రేపే ప్రెస్సుకి వెళ్తోంది, ఇంకా ఒక్క పేజీ ఖాళీ ఉందని విన్నాం. ఆ పేజీలో తన ఫొటో పడాలని మావయ్య ఆశ. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

"అది పెద్ద వానల ఏడాది. ఏరు పొంగుతోందని కబురొచ్చింది. జనాన్ని పోగెయ్యాలంటే గంట కొట్టాలి కదా, లాగానో లేదో తాడు పుటుక్కున తెగింది. ఇంకొకడైతే ఇంటిదారి పట్టేవాడు. నేను గోపురం ఎక్కి చేత్తోనే ఊపి కొట్టాను. అంతే, పెద్ద విషయమేం కాదు."

"బాగుంది, నమ్మేలా ఉంది" అంటూ మాస్టారు రాసుకున్నారు. అక్కడితో ఆపేస్తే ఆయన మావయ్య ఎందుకవుతాడు?

"ఆగండి, సగమే చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట లోపల వేలాడే ఇనప నాలుక ఊడి కింద పడింది. మరి మోగేదెలా? గంట లోపల నా తల పెట్టాను. ఇటో దెబ్బ, అటో దెబ్బ..."

"తలతోనా మావయ్యా?" అంది టీ కొట్టు అక్క, గ్లాసు నిండిపోతున్నా చూసుకోకుండా.

"తలతోనే అమ్మాయ్! ఇనుము కంటే బాగా మోగింది."

"లోపల బోలుగా ఉంటే మోగదా మరి!" అన్నాడు టైలరు.

"నీ దగ్గర సూదుందిగా బావా, ముందు నీ నోరు కుట్టుకో. ఆ మోతకి పక్కూరి చర్చి గంట దానంతటదే మోగింది, దాని మోతకి ఆ పై ఊరిది, అలా పధ్నాలుగు ఊళ్లు! సమాధుల్లోంచి మన ముత్తాతలు లేచి, ప్రార్థన టైమైందా అని అడిగారు. కాలేదు, పడుకోండి అని నేనే సర్దిచెప్పాను. కోయిర్ వాళ్లు ఎక్కడివాళ్లక్కడే పాట ఎత్తుకున్నారు, అదీ శ్రుతిలో!"

"మన కోయిర్, శ్రుతిలోనా? ఇది మాత్రం నేను నమ్మను" అన్నాడు టైలరు. పాతికేళ్లుగా ఆ కోయిర్‌లో పాడుతున్నది ఆయనే.

"ఇంతలో నీళ్లు చర్చి గుమ్మం దాకా రానే వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంటని కొక్కెం నుంచి ఊడబెరికి, నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి, నీళ్లకి ఎదురెళ్లి ఒక్కటి మోగించా. ఏరు ఆగింది. ఇంకొకటి మోగించా, వెనక్కి తిరిగింది! పాపం చేపలు ఆ కంగారులో బెంచీల మీదే ఉండిపోయాయి. ఫాదర్ వాటికి అరగంట ప్రసంగం చెప్పి పంపించారు. మనకంటే శ్రద్ధగా విన్నాయి, ఒక్కటంటే ఒక్కటి కన్ను మూయలేదు!"

మేం పడీపడీ నవ్వుతున్నాం. మాస్టారు మాత్రం కలం పక్కన పెట్టి, సంచిలోంచి అట్ట చిరిగిన లావుపాటి పుస్తకం తీశారు. అది గంట పుస్తకం. మా చర్చిలో ఎప్పుడు గంట కొట్టినా, ఎందుకు కొట్టాడో కొట్టిన మనిషే రాసి సంతకం పెట్టాలి. దాన్ని చూడగానే మావయ్య మొహం రంగు మారింది.

"పెద్ద వానల ఏడాది అన్నావు కదా. ఇది నీ చేతిరాతే" అని మాస్టారు చదివారు. "'ఈ రోజు గట్టి వాన. గంట తాడు తెగింది. గోపురం మెట్లు జారుతున్నాయి. భయమేసి ఎక్కలేదు. గంట కొట్టలేదు. దేవుడి దయ, ఏరు పొంగలేదు.'"

కొట్టంతా గొల్లుమంది. మావయ్య కాళ్లు కిందికి దించి కూర్చున్నాడు. "అయితే పేజీ పోయినట్టేనా మాస్టారూ?" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు జాలేసింది.

"నలభై ఏళ్ల పుస్తకాలూ వారం రోజులు కూర్చుని తిరగేశాను. పెళ్లికీ చావుకీ, ఎండలో జ్వరంలో కూడా కొట్టావు. కొట్టని రోజు ఇదొక్కటే. దాన్ని కూడా దాచుకోకుండా రాశావు. ఆ పేజీ పొద్దున్నే నీకే రాసిపెట్టాను. నీ నోట ఓ కథ విందామని కూర్చున్నానంతే."

మావయ్య చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మాకూ కడుపు నిండినట్టయింది. టైలరైతే లేచి వాటేసుకున్నాడు. కానీ అదెంతసేపు? కాలరు సర్దుకుని మావయ్య మళ్లీ కాళ్లు పైకి మడిచాడు.

"అయితే ఫొటో కింద ఇంకో ముక్క కూడా వేయించండి. ఈ మనిషి జన్మలో అబద్ధం ఆడలేదు అని."

"రాయలేదు అని వేస్తాను" అన్నారు మాస్టారు. "ఆడలేదని వేస్తే ఊరు ఊరంతా వచ్చి నన్ను తంతుంది."